ఎనిమిదో లేన్‌లో ఏడు పిన్నులు

ఉదయం 10:50. బౌలింగ్ ఫైనల్‌కి ఇంకా నలభై నిమిషాలు. ఛాంపియన్ బంతి మాయం.

ఊదారంగు బంతి. పద్నాలుగు పౌండ్లు. మూడు రంధ్రాలూ ఆమె వేళ్ల కొలతకే తొలిచినవి. ఇంకొకరికి అది పనికిరాదు. ఆమెకు ఇంకో బంతి పనికిరాదు. మరి ఎవడు తీసినట్టు? ఇన్‌స్పెక్టర్‌కి తల వేడెక్కిపోతోంది.

పదింటికి ఆమె బ్యాగు బెంచీ మీద పెట్టి బయటికి పరుగు తీయడానికెళ్లింది. 10:25కి తిరిగొస్తే బ్యాగు ఖాళీ.

తలుపు ఒక్కటే. కెమెరాలో బంతితో బయటికెళ్లినవాళ్లు లేరు. లాకర్లు, షూ కౌంటర్, ర్యాకులు మూడుసార్లు వెతికాడు. బంతి పడగొట్టిన పిన్నుల్ని తిరిగి నిలబెట్టే మెషీన్ల వెనక సందులో దూరి చొక్కా నిండా గ్రీజు పూసుకున్నాడు. దొరికింది ఆ గ్రీజే.

"ఇంకా ఏం వెతుకుతారండీ? మెకానిక్కే తీశాడు," ఓనర్ ఆరోసారి అన్నాడు. "నేను ముందు గదిలో మైకు టెస్ట్ చేసుకుంటున్నాను. లోపల తిరిగింది వాడే. ఇవాళ్టితో వాడి ఉద్యోగం సరి!"

"ఇరవై రెండేళ్లు పనిచేశాను సార్," మెకానిక్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఆ అమ్మాయి ఆట నేర్చుకుంది నా కళ్లముందే."

"పదింటికి ఏం చేస్తున్నావ్?"

"లేన్లకి నూనె పట్టించి, ఆ నూనె మెషీన్ కడగడానికి వెనక్కెళ్లాను."

"ఎన్ని లేన్లకి?"

"ఎనిమిదింటికీ."

"ఎనిమిదోది మూడ్రోజులుగా ఆపేశారుగా?"

"ఆపేసినా సరే, ఆ చెక్కకి నూనె పట్టించకపోతే మనసొప్పదు సార్."

"చూశారా, నా నూనె దండగ!" ఓనర్ మధ్యలో దూరాడు.

"మీరు కాసేపు నోరు మూస్తారా?" ఇన్‌స్పెక్టర్ కసిరాడు.

ఛాంపియన్ మణికట్టుకు పట్టీ చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. "ఆరేళ్ల కష్టం సార్! బంతులు దొర్లించడం కూడా ఒక పనేనా అంటారు మా నాన్న. ఇవాళే మొదటిసారి చూడ్డానికొచ్చారు. ఆయన ముందే ఇలా అవ్వాలా?"

అందరూ వెతుకుతుంటే నాన్న మాత్రం ఆ చివర, ఎనిమిదో లేన్ పక్కన, బంతులు తిరిగొచ్చే గూడు దగ్గరే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడూ అక్కడే. ఇప్పుడూ అక్కడే.

ఇన్‌స్పెక్టర్ టార్చి తీశాడు.

చీకటిగా ఉన్న ఎనిమిదో లేన్ ముందు వంగి వెలుతురు ఏటవాలుగా కొట్టాడు. నూనె మెరుపు మీద ఒక చార. తిన్నగా ఎడమవైపుకి పోయింది. చివర్న పిన్నులు. లెక్కపెట్టాడు. ఏడు.

"ఈ లేన్ ఆపేటప్పుడు ఎన్ని నిలబెట్టావ్?"

"పదీ సార్."

"పవర్ లేని లేన్లో మూడు ఎలా పడ్డాయి?"

మెకానిక్ వెనక్కి పరిగెత్తాడు. 11:08కి బంతితో వచ్చాడు. పిన్నుల వెనక గుంటలో ఉందట.

"అదిగో, వాడే దాచాడు!" ఓనర్ ఎగిరాడు.

"దాచాలంటే వెనకనుంచి చేత్తో పెట్టేవాడు. తను పట్టించిన నూనె తనే చెడగొట్టుకుంటాడా? ఇది ముందునుంచి వేసిన బంతి. ఇక్కడ ఆడేవాళ్లు వేస్తే చార వంపు తిరుగుతుంది. ఇది ఆట రాని మనిషి వేశాడు. లేన్ ఆపేశారని తెలీదు. బంతి తిరిగొస్తుందనుకున్నాడు." ఇన్‌స్పెక్టర్ నాన్న వైపు తిరిగాడు. "మీరింకా ఎదురుచూస్తూనే ఉన్నారు కదండీ?"

నాన్న తల దించుకున్నాడు. "దీనికోసం ఆరేళ్లుగా ఎందుకు పడిచస్తోందో చూద్దామని... ఎవరూ లేనప్పుడు ఒక్కసారి వేశాను. తిరిగి రాలేదు. సిగ్గుతో నోరు పెగల్లేదు."

"నోరు పెగల్లేదా? ఒక మనిషి బతుకు పోయేదండీ!" ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

నాన్న మెకానిక్ చేతులు పట్టుకున్నాడు. "నావల్ల మాటపడ్డావయ్యా. తప్పయిపోయింది."

"మీరు చెప్పారు, చాలు. ఆయన్ని కూడా చెప్పమనండి," మెకానిక్ ఓనర్‌ని చూపించాడు. ఓనర్ మైకు తీగ సర్దుకున్నాడు.

ఛాంపియన్ బంతి మీది నూనె గట్టిగా తుడుస్తోంది. "అడిగితే నేను నేర్పేదాన్ని కదా నాన్నా!"



11:30. ఆమె బంతి ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. కోపం తగ్గని గొంతుతోనే నాన్నని అడిగింది.

"ఎన్ని పడ్డాయి?"

"మూడు."

"నేను వేసిన మొట్టమొదటి బంతికి ఒక్కటీ పడలేదు," అంది.