గంగే కట్టిన దడి

ఆ పొద్దున ఆకాశం తేటపడింది. రాత్రంతా ఉరిమిన మబ్బు కొండల వెనక్కి జారుకుంది. తాలిపేరు వాగు మీద మాత్రం పలచని మంచు పాకుతోంది. ఆ మంచులోంచి గంగే రావడం చూసి ముత్తయ్య గుండె గంతేసింది. ఆమె చేతిలో కొడవలి చూశాక సర్దుకుంది.

వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద బాసగూడ పటేలు ఆ శరత్తులో కొత్తగా కూరగాయల మడులు పంచాడు. గోదావరి అవతలి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉంటున్న ముత్తయ్యకు ఒకటి దక్కింది. పక్కది దొర్ల తెగ పిల్ల గంగేది. నిన్నంతా ఆమె రాలేదు. పందులు పడతాయని, ఆమె పోగేసుకున్న వెదురు తీసి, ఆ మడి చుట్టూ అతనే దడి కట్టేశాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు.

గంగే మొదటి కట్టు కోసింది. రెండోదీ కోసింది.

“నిన్ను కట్టమన్నదెవరు?”

పందులొస్తాయని కట్టానంటూ నసిగాడు.

“పందులే నయం. తిని పోతయి. నువ్వు జాగనే మింగినవు.”

అప్పుడు తెలిసింది సంగతి. ఆడపిల్లకు మడేందని ఆమె అన్న లచ్చు అడ్డం తిరిగాడు. సంతరోజు పొద్దుగూకేలోపు ఎవరి చేతులు దడి కడితే మడి వాళ్లదేనని పటేలు తేల్చాడు. ఆ తీర్పు చెప్పిన నాడు ముత్తయ్య విత్తనాలకని ఆవపల్లి పోయాడు. నిన్న ఆమె పోయింది కట్లకు నార తేవడానికే. సంత ఇవాళే. పైగా అడగకుండా పిల్ల చేలో కష్టం చేస్తే ఇల్లరికం వచ్చాడనే అనుకుంటారట. రేవులో ఆడవాళ్లు అప్పుడే ఆమెను పెళ్లికూతురా అని పిలిచారు.

ముత్తయ్యకూ కోపమొచ్చింది. చీరుకుపోయిన అరచేతులు చూడమన్నాడు. ఆమె చూడలేదు. పోనీ మళ్లీ కట్టడానికి సాయం పడతానన్నాడు.

“ముట్టినవంటే నరుకుత. ఆ బండ మీద కూసో. నీ రెండు చేతులు ఊరంతటికీ కనబడాలె.”

కూర్చున్నాడు. గంగే గుంజలన్నీ పీకి కొత్త గుంటలు తవ్వింది. సంతకు పోతూ ముసలి వెంకమ్మ ఆగి, చేతులకు గోరింటాకు పెట్టుకున్నావా అల్లుడా అనడిగింది. అందరూ నవ్వారు. ఒక గుంజ వంకరగా దిగింది. అతని చేతులు తొడల మీద కదిలాయి. ఆమె చూసిన చూపుకు మళ్లీ పడుకున్నాయి.

మధ్యాహ్నం ఎండకు అతని మిరప నారు తలలు వేలేసింది.

“నీ నారు వాడుతున్నది,” అంది విసురుగా.

“వాడనీ.”

సాయంత్రం దడి పూర్తయ్యాక లచ్చు పటేలును వెంటబెట్టుకొచ్చి, ఇది ఆ పరాయోడు కట్టిన దడేనన్నాడు. సంత నుంచి మళ్లినవాళ్లంతా ఫక్కుమన్నారు. పొద్దంతా వాళ్లు చూసింది బండ మీది చేతులనే కదా. మడి గంగేదేనని చెప్పి పటేలు ఇంటికి నడిచాడు. లచ్చు ఉమ్మేసి పోయాడు.

ముత్తయ్య లేవలేదు.

“జాగ కోసం కట్టలే. నీ కోసం కట్టిన.”

“నా కోసమైతే నన్ను అడగాలె.”

“ఇప్పుడడుగుతున్న.”

గంగే ముఖంలో కోపం తగ్గలేదు. సొరబుర్ర తెచ్చి బండ మీద పెట్టి, రెండు ఆకుదొప్పలు కుట్టి, ఒకదాంట్లో జావ పోసి అతని ముందుంచింది. ఆమె చేతి కూడు తింటే కులం తప్పినట్టే, మేనమామ ఇక గుమ్మం తొక్కనివ్వడని ఇద్దరికీ తెలుసు.

ముత్తయ్య దొప్ప ఎత్తి తాగాడు. మళ్లీ చాచాడు. గంగే పోసి, తన దొప్ప నింపుకుని పక్కనే కూర్చుంది.