కార్జం వేపుడు, కాలి బొటనవేలు

కూరలో ఉప్పు తక్కువైందనడమే అతను చేసిన తప్పు.

అతను బస్సు డిపోలో మెకానిక్. పొట్టిగా, గట్టిగా, ఎక్కడ బిగిస్తే అక్కడే ఉండిపోయే రకం కాబట్టి అందరూ నట్టు అనేవారు. డిపో క్యాంటీన్ యజమాని నడుం పట్టేసి, వంట మాని గల్లాపెట్టె దగ్గరికి మారితే, ఆయన కూతురు పొయ్యి దగ్గరికి వచ్చింది. ఆమె వండిన మొదటి రోజే నట్టు ఆ ఉప్పు మాట అన్నాడు.

మర్నాడు ఆమె మేక కార్జం వేపుడు ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. అతను తిన్నాడు. బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. ఆమె నవ్వలేదు గానీ, తిరిగి వెళ్లేటప్పుడు నడకలో ఏదో తేడా వచ్చింది. ఇంజిన్‌లో చిన్న తేడా వచ్చినా పసిగట్టే మనిషి, అది కూడా పసిగట్టాడు.

ఆనాటి నుంచి అడక్కుండానే కార్జం వచ్చేది. పక్కన చల్లటి కూల్‌డ్రింకు. ఆమె బస్సుల గురించి అడిగేది, అతను చెప్పేవాడు. గేర్‌బాక్సు గురించి ఎవరైనా అంత శ్రద్ధగా వినగా అతను చూడలేదు. ప్రేమ అనే మాట ఇద్దరూ ఎత్తలేదు. గేర్‌బాక్సుతోనే సరిపెట్టుకున్నారు.

ఒక ఉదయం లేచేసరికి అతని కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి ఉంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉందని, దీన్ని గౌట్ అంటారని చెప్పింది. అది ముసలాళ్లకు కదా అన్నాడు. కుర్రాళ్లకూ వస్తుందంది. మీ నాన్నకు ఉందా అనడిగింది. ఉంది. నొప్పికి మందిచ్చి, నీళ్లు బాగా తాగమంది. బీరు, కూల్‌డ్రింకులు మానమంది, మాంసం తగ్గించమంది. నొప్పి పోయాక మళ్లీ వస్తే యాసిడ్ తగ్గే మాత్ర మొదలుపెడతానంది. కార్జం మాత్రం అసలు ముట్టుకోవద్దంది.

"అసలా?" అన్నాడు నట్టు.

"అసలే."

నొప్పి పోయింది. అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు, క్యాంటీన్‌కి వెళ్లాడు. ఇరవై ఆరేళ్లకే ముసలాళ్ల రోగం వచ్చిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ప్లేటు వచ్చింది. తిన్నాడు.

వేలు మళ్లీ వాచింది. ఈసారి డాక్టరమ్మ చీవాట్లు పెట్టి మాత్ర మొదలుపెట్టింది. కొత్తలో ఒక్కోసారి మళ్లీ వాస్తుందనీ, అయినా ఆపొద్దనీ చెప్పింది. నట్టు వాళ్లమ్మ ఇంటి నుంచే అన్నం డబ్బా కట్టివ్వడం మొదలెట్టింది. అతను రిపేరుకొచ్చిన బస్సులో వెనక సీట్లో కూర్చుని, ఉడకబెట్టిన సొరకాయ తినేవాడు. ఒకరోజు కిటికీలోంచి క్యాంటీన్ అమ్మాయి చూసింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు ఎంత పడిందో గానీ, క్యాంటీన్‌కి వచ్చిన ఏ డ్రైవరూ అన్నం ముద్ద మింగలేకపోయాడట.

ఆ వారంలోనే, డాక్టరమ్మ అన్నట్టే, వేలు మళ్లీ వాచింది. అతను సెలవు పెట్టి పడుకుంటే మధ్యాహ్నం ఆమే ఇంటికి వచ్చింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీ మీదా బట్టలున్నాయి. ఆమె మంచం చివర కూర్చుంది. మంచం కదిలింది. అతని ముఖం పాలిపోయింది.

"నా వంట నచ్చకపోతే చెప్పొచ్చుగా. బస్సులో దాక్కుని సొరకాయ తినడం దేనికి?" అందామె.

అతను పళ్లు బిగబట్టాడు.

"పోనీ, వంట సంగతి వదిలెయ్యండి. నేనంటే ఇష్టముందా లేదా, అదొక్కటీ చెప్పండి."

"ఉంది. చాలా ఉంది. ముందు మంచం మీంచి లేవండి."

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్లింది కూడా. అప్పుడు అతను దుప్పటి తీసి కాలు చూపించి, జరిగిందంతా చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకాలం తన చేత్తో తనే విషం పెట్టానంది. తప్పు మీ కార్జానిది ఒక్కదానిదే కాదు, మా నాన్న నాకిచ్చిన ఆస్తి ఈ రోగమే అన్నాడు.

"వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది."

"అంటే మీరు మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడరేమోనని."

"సొరకాయ పెట్టినా నిలబడతాను," అందామె.

ఆమె నాన్నకు ఈ సంగతి నచ్చలేదు. రోగిష్టివాడికి పిల్లనివ్వనన్నాడు. అయినా తనే నట్టును వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఈ కుర్రాడు బతుకుతాడా అని అడిగాడు. మాత్ర మానకుండా, పరీక్షలు చేయించుకుంటూ, చెప్పినట్టు నడుచుకుంటే నిక్షేపంగా ఉంటాడంది. యాసిడ్ ఇప్పటికే దిగుతోందంది. ఏమేం మానాలో మొత్తం మళ్లీ చెప్పించుకుని విన్నాడాయన.

తిరిగొచ్చాక నట్టు వాళ్లమ్మ ఎదుట కూర్చుని, పెళ్లికి తనకు అభ్యంతరం లేదన్నాడు. ఇంతలోనే మనసెలా మారిందని ఆవిడ అడిగింది.

"తాగొద్దని డాక్టరే చెప్పిన అల్లుడు నాకింకెక్కడ దొరుకుతాడమ్మా?" అన్నాడాయన.