చదివినవారు

ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది, ఎవరో లేపేస్తారన్నట్టు.

"రేపటికల్లా తప్పు నాదేనని కాగితం రాసివ్వమంటున్నారు సార్. రాస్తే ఇంకెక్కడా నాకు పని పుట్టదు."

డిటెక్టివ్ తన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పక్కన అతని సహాయకుడు కలం తీశాడు. ఒకప్పుడు టైపిస్టు, అందరూ ఇప్పటికీ అలాగే పిలుస్తారు. తను కలం తీసి మూత విప్పేలోపే ఎదుటి మనిషిని సగం చదివేసే తన గురువంటే అతనికి చెప్పలేనంత గురి.

చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయంలో ఆ అమ్మాయి టెక్నీషియన్. అక్కడ పదకొండేళ్ళు చదివినావిడను అందరూ అక్కయ్య అనేవారు. రెండు నెలల క్రితం గుండె జబ్బుతో పోయింది. ప్రతి పుస్తకానికీ ముందు కాసేపు శ్రోతలతో కబుర్లు చెప్పడం ఆవిడ అలవాటు. పుస్తకం కన్నా వాటికోసమే చెవులు కోసుకునేవాళ్ళు చాలామంది. ఆఖరి పుస్తకం ముందున్న నాలుగు నిమిషాల కబుర్లూ ఇప్పుడు లేవు. మొదట చేసిన పెద్ద రికార్డింగూ కనిపించడం లేదు.

"నేను పెట్టిన మెనూ మింగేసిందంటున్నారు సార్."

"మెనూ ఏమిటమ్మా?"

"ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే వరసలో రెండు కలిపాను. 'చిన్నది చెయ్యి' అంటే పెద్ద రికార్డింగుకి చిన్న ఎంపీత్రీ నకలు తయారవుతుంది. 'వివరాలు దిద్దు' అంటే చదివినవాళ్ళ పేరూ అదీ రాసుకోవచ్చు. వేరే ప్రోగ్రాములు తెరవక్కర్లేదు."

"అందరికీ సులువు చేశావన్నమాట."

"అదే నా కొంప ముంచింది సార్."

గ్రంథాలయం మేడమీద, రెండే గదులు. గోడకి అక్కయ్య ఫొటో, కింద గుండ్రటి దస్తూరీతో అట్టముక్క: 'మూడు వందల పుస్తకాలు చదివినవారు. అందరినీ విడిచి వెళ్ళినవారు.'

"వాళ్ళాయన రాశాడండీ," అన్నాడు మేనేజరు. "రోజూ మా భోజనాల వేళకి వచ్చి, ఒక్కడే కూచుని ఆవిడ గొంతు వింటాడు పాపం. ఇక మా పిల్ల సంగతంటారా, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రెండు నొక్కుళ్ళు నేర్చి ఉన్నది ఊడ్చేసింది."

డిటెక్టివ్ అక్కయ్యదే ఇంకో రికార్డింగు మీద 'చిన్నది చెయ్యి' నొక్కాడు. ఎంపీత్రీ తయారైంది. అసలుది 'పాతవి' అనే ఫోల్డర్లోకి భద్రంగా వెళ్ళింది. రెండింటి వివరాల్లోనూ ఒకటే మాట: 'చదివింది మీ అక్కయ్య.'

"ఇలా ఎవరు రాశారు?"

"ఆవిడే. మేం పెట్టే మాట 'గళం'. అది మా పద్ధతి. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినలేదు."

"నువ్వో అమ్మాయ్?"

"నాకు తెలుగు టైపు రాదు సార్. ఇంగ్లిషు అక్షరాలతోనే."

"ఈ నొక్కుళ్ళు ఎవరెవరికి నేర్పావు?"

"అడిగినవాళ్ళందరికీ. అక్కయ్యగారి ఆయనక్కూడా. ఫోన్లో పెట్టుకుంటానంటే రికార్డింగులోంచి ముక్క కోసుకోవడం చూపించాను."

ఆఖరి పుస్తకం వివరాలు చూసి డిటెక్టివ్ తెర టైపిస్టు వైపు తిప్పాడు. 'చదివినవారు మీ అక్కయ్యగారు.' టైపిస్టు పెదవులు కదిపి చదివాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

భోజనాల వేళ భర్త వచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న పొడుగాటి మనిషి. డిటెక్టివ్ నలుగురినీ కూర్చోబెట్టాడు.

"ఈ మెనూ దేన్నీ చెరపదు. అసలుదాన్ని దాస్తుంది, వివరాలు ఉన్నవున్నట్టు దించుతుంది. దాని పనే అయితే 'చదివింది' అనే ఉండాలి. ఎవరో కబుర్లు కోసేశారు. కోసిన ఫైల్లో వివరాలు ఖాళీ అయిపోతాయి. మళ్ళీ చేత్తో నింపారు. తనని తాను 'వారు' అనుకునే మనిషి, తన పేరుకి 'గారు' తగిలించుకునే మనిషి మన భాషలో ఉండడు. మేనేజరుగారిది గళం. ఈ అమ్మాయికి తెలుగు టైపే రాదు. మిగిలింది ఆ అట్టముక్క రాసిన చెయ్యి."



"పేరు లేకుండా వదల్లేకపోయాను," అన్నాడు భర్త.

"ఆవిడ ఉండగా ఏమని పిలిచేవారు?"

"ఏమే అనేవాణ్ణి."

"ఆ నాలుగు నిమిషాల్లో ఏముంది?"

"మెట్లెక్కితే ఊపిరాడటం లేదని నాతో చెప్పిందట. 'మరి చదవడానికెక్కణ్ణించి వస్తోందే ఊపిరి, ఇంటిపని దగ్గరేనా ఆయాసం' అన్నానట. మా ఆయన హాస్యం ఇలా ఉంటుందని అందరికీ చెప్పి నవ్వింది." తల దించుకున్నాడు. "అన్నాను. నాకు గుర్తు కూడా లేదు."

"ఈ పిల్ల పని పోతుందని తెలుసా?"

"తెలుసు. నోరు పెగల్లేదు."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్లమీద పెట్టాడు. "పారెయ్యడానికి చేతులు రాలేదు. అమ్మా, నేను వెళ్ళాక పెట్టుకోండి."

అమ్మాయి అతని వైపు చూడకుండా పెన్‌డ్రైవ్ అందుకుంది. మేనేజరు ఆమెతో రాయించుకోవడానికి బల్లమీద పెట్టిన తెల్లకాగితాన్ని సొరుగులోకి తోసేశాడు.

డిటెక్టివూ టైపిస్టూ మెట్లు దిగుతుంటే భర్త వాళ్ళకి నాలుగు మెట్లు కింద ఉన్నాడు. పైన తలుపు తెరిచే ఉంది. ముందు అక్కయ్య దగ్గు వినిపించింది, తర్వాత "ఏం చేస్తున్నారర్రా అందరూ" అన్న పలకరింపు. ఇంకాసేపటికి నవ్వు, మధ్యమధ్య ఊపిరి అందక ఆగుతూ.

భర్త కమ్మీ పట్టుకున్నాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఇంకో మెట్టు దిగలేదు. వెనక ఉన్న ఇద్దరూ దారి అడగలేదు.