పదిహేడో ఈల

క్రేను నడిపే అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. "సార్, నా చెవిలో చచ్చిపోయినాయన పాడుతున్నాడు," అంది.

డిటెక్టివ్‌ని అందరూ చాటచెవులాయన అంటారు. చెవులు చాటంత, మాటలు చిటికెడంత. బావమరిది అతనికి సహాయకుడు. జీతానికి చేసేది సహాయం, ఉచితంగా చేసేది పొగడ్త.

"ఎప్పుడు పాడతాడు?"

"రోజూ మూడింటికి, క్రేనులో పెట్టుకునే హెడ్‌సెట్టులో. టింగుమని మూడు గంటలు, ఆపైన కూనిరాగం. నాకు ముందు ఆ క్రేను నడిపినాయన పాట అదేనట. గుండె ఆగి పోయి మూడు నెలలైంది. నిన్న భయపడి సరుకు పెట్టెని గాల్లోనే ఆపేశాను. కింద పదిమంది ఉన్నారు. ఇంకొక్కసారి ఆగితే ఉద్యోగం లేదన్నారు."

"దెయ్యమే బావా," అన్నాడు బావమరిది. "గాలి కబురు కాదు."

"వైర్‌లెస్ అంటేనే గాలి కబురురా. పద."

సరుకుల యార్డులో పెట్టెల మధ్య సందులు సమాధుల వరసల్లా ఉన్నాయి. క్రేను గదిలో పోయినాయన తువ్వాలు ఇంకా వేలాడుతోంది. బావమరిది దాని వైపు చూడకుండా నిలబడ్డాడు.

కింద మేస్త్రీ మాత్రం విసుక్కున్నాడు. "దెయ్యం లేదు, భూతం లేదు. ఆ పిల్లే పాడుకుంటుంది. క్రేనులోంచి వచ్చే మాటలన్నీ నా హెడ్‌సెట్టుకీ వస్తాయి, ఆ పాట నా చెవికీ వినిపిస్తుందిగా."

"నేనెప్పుడూ పాడలేదు బాబాయ్," అందా అమ్మాయి.

డిటెక్టివ్ చెవులు కదిలాయి. నేరుగా యార్డు వైర్‌లెస్ స్తంభం చూసే ఇంజనీరు దగ్గరికి నడిచాడు. అతని తల పైన స్తంభానికి అరవై నాలుగు యాంటెనాలు. మనిషి నిజంగానే కొమ్ములు తిరిగినవాడు.

"ప్రతి హెడ్‌సెట్టూ స్తంభానికి తనదైన ఈల వేస్తుంది, మన చెవికి వినపడని గుర్తు," అన్నాడు ఇంజనీరు. "ఈల వచ్చిన దిక్కుకే మాటని గురిపెడతాం, పక్కవాళ్ళకి అడ్డుపడకుండా. అక్కడ విన్నది అక్కడికే తిరిగి పంపుతాం, చేరినట్టు తెలియాలిగా."

"ఈలలెన్ని?"

"ఇరవై నాలుగే. ఎవరైనా మానేస్తే వాళ్ళది కొత్తవాళ్ళకి. ఈ అమ్మాయికి పోయినాయన ఈల, పదిహేడోది, ఇచ్చాం. ఆయన హెడ్‌సెట్టు దొరకలేదు."

మర్నాడు మూడుకి పది నిమిషాల ముందు డిటెక్టివ్ అందరినీ లారీల తూకం గదికి పిలిపించాడు. యార్డు మొత్తంలో గంటలు కొట్టే గోడగడియారం అక్కడొక్కటే ఉంది. తూకం చూసే ఆవిడ, పోయినాయన భార్య, సొరుగు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఒకే ఈల రెండుచోట్ల మోగితే స్తంభానికి ఇద్దరూ ఒక్కరే," అన్నాడు డిటెక్టివ్. "రెండు గొంతులూ కలిపేస్తుంది, బలం సగం సగం పంచేస్తుంది. మేస్త్రీకి కూడా వినిపించిందంటే పాట ఈ అమ్మాయి భయంలోంచి రాలేదు. మూడు గంటలు కొట్టింది ఈ గడియారం. తప్పు ఈలని మళ్ళీ వాడిన వాళ్ళది. సొరుగు తియ్యమ్మా."

గడియారం మూడు కొట్టింది. ఆవిడ హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"రోజూ ఈ వేళకి లారీలు తగ్గి తీరిక దొరికేది, పెట్టుకునేదాన్ని. క్రేను కిర్రుమనేది. ఎవరో ఊపిరి పీల్చేవాళ్ళు. ఆయనే అనుకుని, ఆయన పాట అందుకునేదాన్ని." అమ్మాయి వైపు తిరిగింది. "మరి ఆ ఊపిరి ఎవరిది?"

"నాదే అక్కా," అందా అమ్మాయి. "భయపడి పీల్చింది."

ఇంజనీరు తలొంచుకుని పదిహేడో ఈలని ఆపేశాడు. హెడ్‌సెట్టు మూగబోయింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, చెవికి పెట్టుకోలేక అలాగే పట్టుకుంది. బావమరిదికి మొదటిసారి బావని పొగడాలనిపించలేదు.

అమ్మాయి స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది.

"రేపట్నించి మూడింటికి నేనే దిగొస్తాను. ఆ పాట నాకు సగమే వినిపించేది. మిగతా సగం పాడక్కా."