ఉప్పేసిన జావా

తలుపు తీసేసరికి వానలో సత్యవాణి. చేతిలో మూతపెట్టిన గిన్నె.

"ఏటండీ, రోగిష్టి మనిషికి ఇలాటి జావేనా ఇస్తారు?"

రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా వెనక క్వార్టరు వాళ్ళది. తల్లి లేదు. తండ్రి గోవిందరావు గారు ఫిట్టరు, ఆయాసంతో మంచం పట్టారు. నేను బి.ఏ. పాసై, రోజూ రైల్లో వెళ్ళొచ్చేలా, కలకత్తాలో ఒక కాఫీగింజల కంపెనీలో కొత్తగా చేరాను. "మావయ్యా, మంచి జావా పంపిస్తాను" అని ఆయనకి పొట్లం పంపాను.

మూత తీశాను. నల్లటి పొడి, రాగిజావలోలా మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు.

"ఇది జావ కాదండీ, జావా! సముద్రంలో దీవి. అక్కడి కాఫీపొడి."

"ఆ మాట సెప్పాలి కదా! సోడిపిండనుకుని కాసినాను."

"మావయ్య తాగారా?"

"గ్లాసుడు. ఇన్నాళ్ళకి నోటికి రుచి తెలిసిందన్నారు." నవ్వబోయి ఏడ్చేసింది.

తర్వాత నేనే కాఫీ కాచి తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన ఉప్పే అడిగేవారు.

"మంచి గింజని ఎలాగ తెలస్తాది?" అందామె ఓసారి.

"నిప్పుల కొండ మీద, బూడిద కలిసిన మట్టిలో పండాలి. ఎంత ఎత్తులో ఉంటే అంత నిదానంగా పండుతుంది. తొందరపడి కోస్తే పసరు వాసన."

"అయితే మీరూ తొందరపడకండి," అంది కళ్ళు దించుకుని.

ఇంతలో గింజలు ఎంచడానికి కంపెనీ నన్ను జావా వెళ్ళమంది. మావయ్య నానాటికీ నీరసిస్తున్నారు. వెళ్ళనని చెప్పబోయాను.

"మీ ఇల్లంతా మీ జీతం మీదే ఉంది. ఎల్లండి. మేం ఉంటాం," అంది సత్యవాణి.

ఆ 'మేం'లో నేను లేను.

"మంచివి తే బాబూ. ఈసారి ఉప్పెయ్యను," అన్నారు మావయ్య, దగ్గుతూ.

అక్కడా వానే. ప్రతి బస్తా అడుగు నుంచీ గుప్పెడు తీసి, వేయించి, రుచి చూశాను. అన్నిటికన్నా పై వాలులో పండినవి మావయ్య కోసం దాచాను.

తిరిగొచ్చేసరికి మంచం లేదు. గోడకి ఫొటో, దండ.

ఆమె గింజలు వేయించి, దంచి, కాచింది. మూడు గ్లాసులు నింపింది. ఒకదాంట్లో ఉప్పేసి ఫొటో ముందు పెట్టింది.

"ఉప్పొద్దని మాటిచ్చారుగా," అన్నాను.

"ఆ మనిషి మాట మీద ఎప్పుడు నిలబడ్డారనీ!" కళ్ళు తుడుచుకుంది. "సల్లారిపోతంది. మనం తాగుదాం."

"మనమా?"

"ఏం, తొందరపడ్డానా?"

గ్లాసెత్తి వాసన చూశాను.

"లేదు," అన్నాను.