బోర్డు మీద మూడో పేరు

"మీరు నాకు అమ్మింది కోత మిషన్ కాదు. మూలిగే ముసలి ఎద్దు."

బురద బూట్లతో షాపు గుమ్మంలో నిలబడి ఆమె ఆ మాట అనేసరికి బాన్ గ్యుసిక్ కాఫీ కప్పు కింద పెట్టాడు. వరి పండే హోనం మైదానంలో ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లు, నాటు మిషన్లు, కోత మిషన్లు అమ్ముతున్నాడు. తిట్లు కొత్త కాదు. అయితే ఇంత తీరిగ్గా, నవ్వు దాచుకుంటూ తిట్టినవాళ్లు మాత్రం లేరు.

"మిషన్ బాగానే ఉంటుందండీ. నడిపే చెయ్యి తిరగాలి."

"గున్సాన్‌లో పదకొండేళ్లు సిటీ బస్సు తిప్పాను. ఇంకెంత తిరగాలి?"

ఆమె పేరు తాక్ హ్యేసన్. నలభై ఒక్కేళ్లు. పెళ్లీ విడాకులూ రెండూ గున్సాన్‌లోనే వదిలేసి, చనిపోయిన తండ్రి ఆరు మళ్లు సాగు చేయడానికి ఆ వసంతంలోనే వచ్చింది. గ్యుసిక్ వెళ్లి మిషన్ విప్పి చూస్తే, తాను వేసిన బెల్టు పాతదని తేలింది. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆ మాట షాపులోనే అనుంటే తనకు డీజిల్ మిగిలేదని ఆమె దెప్పింది. దెప్పుతూనే కాగితం కప్పులో పొట్లం కాఫీ కలిపి ఇచ్చింది.

సెప్టెంబరంతా ఆమె మిషన్‌కి ఏదో ఒకటి అవుతూనే ఉంది.

షాపు ఫోన్ ఎత్తేది గ్యుసిక్ అత్తగారు సో మల్లిమ్. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఎవరు ఫోన్ చేసినా గోడమీది తెల్లబోర్డు మీద వరుసగా పేరు రాస్తుంది. ముందు చేసినవాడికి ముందు రిపేరు. చుట్టమైనా, పోలీసు అధికారైనా అంతే. ఆ నెల ఆమె రాసిన రాతలు ఇవి: తాక్, బెల్టు. తాక్, బేరింగ్. తాక్, ఏదో చప్పుడు.

మూడో రాత చదివి అల్లుడు అద్దం ముందుకు వెళ్లడం ఆమె చూసింది.

"చప్పుడు వినడానికి గడ్డం గీసుకోవాలా అల్లుడూ?"

బ్లేడు గడ్డాన్ని కోసింది. ఆమె నవ్వింది. అతను నవ్వలేకపోయాడు.

ఆమె ఒక్కగానొక్క కూతురు మ్యంగ్‌జు అతని భార్య. నాలుగేళ్ల కింద, ఇలాంటి కోతల కాలంలోనే, మెదడులో నరం చిట్లి పోయింది. ఆ రోజు బోర్డు మీద ఇంకా రెండు పేర్లు ఉండగా మ్యంగ్‌జు అతని సెల్‌కి ఫోన్ చేసింది. తల పగిలిపోతోందని చెప్పి, వెంటనే తనే సర్దుకుంది. "పర్వాలేదులే. నీ పని అయ్యాకే రా."

అతను పని అయ్యాకే వెళ్లాడు. ఆమె వంటింట్లో నేలమీద పడి ఉంది.

నొప్పి ఎప్పుడు మొదలైందని ఆసుపత్రిలో అడిగితే తెలియదన్నాడు. అత్తగారితోనూ అదే చెప్పాడు. ఆ ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు. దినాలయ్యాక మల్లిమ్‌ని ఆమె తమ్ముడు ఇన్‌గప్ తన ఇంటికి రమ్మని పిలిచినా, మనవరాలికి అన్నం వండాలని ఆమె ఇక్కడే ఉండిపోయింది. మనవరాలు బోరమ్ ఇప్పుడు జోంజులో చదువుకుంటూ హాస్టల్లో ఉంది. అయినా మల్లిమ్ వెళ్లలేదు. గ్యుసిక్ మాత్రం బోర్డు వరుసను మునుపటికన్నా గట్టిగా పట్టుకున్నాడు. ఆ నియమం తప్పని ఒప్పుకుంటే మ్యంగ్‌జు దేనికి పోయినట్టు?

ఇప్పుడు హ్యేసన్ సంగతి అత్తగారితో ఎలా చెప్పడం? ఒక మాట కదిలితే రెండో మాటా బయటికొస్తుంది. రెండోది వింటే ఆమె ఈ ఇంట్లో క్షణం ఉండదు.

అక్టోబరు రెండో వారంలో తుఫాను వార్త వచ్చింది. సాయంత్రం నాలుగింటికి వాన. బోర్డు మీద మొదటి పేరు ఇన్‌గప్, రెండోది ప్యో ముసలాయన, మూడోది తాక్.

మధ్యాహ్నం పన్నెండింటికి ఇన్‌గప్ మిషన్ బాగుచేయడానికి గ్యుసిక్ అతని పొలానికి వెళ్తూ ఉండగా సెల్ మోగింది. మిషన్ మడి మూలలో ఒక పక్కకి ఒరిగిందని, తనకేం కాలేదని, తొందర లేదని హ్యేసన్ చెప్పింది.

"మీ వరుస మీరు చూసుకోండి. పని అయ్యాకే రండి."

గ్యుసిక్ కాలువ గట్టు మీద ట్రక్కు ఆపేశాడు. ఎదురుగా కిలోమీటరు దూరంలో ఇన్‌గప్ పొలం కనిపిస్తోంది. బంగారంలాంటి పంట. అతను బండి వెనక్కి తిప్పాడు.

వెళ్లేసరికి ఆమె గట్టు మీద కూర్చుని నాచు ఆకులో చుట్టిన చల్లారిన అన్నం తింటోంది. ఇప్పుడే రావద్దన్నానుగా అంటూ లేచింది. అతను మిషన్ వైపు చూడనే లేదు.

"తల నొప్పిగా ఉందా?"

"లేదు. మీకేమైంది? మొహం అలా ఉందేం?"

అక్కడే నిలబడి అంతా చెప్పేశాడు. నాలుగేళ్లలో మొదటిసారి. ఆమె ఓదార్చలేదు, అతని చెయ్యి మాత్రం వదల్లేదు. తర్వాత ఇద్దరూ కలిసి మిషన్‌ని నిలబెట్టేసరికి, నాలుగింటికి రావాల్సిన వాన రెండింటికే వచ్చింది.

ఇన్‌గప్ మూడు మళ్ల వరి నేలకొరిగింది. మర్నాడు అతను షాపుకొచ్చి బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అక్కా, మొదటి పేరు నాదే కదా? కళ్లజోడు మార్చాలేమోనని వచ్చాను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మల్లిమ్ చెంచా కింద పెట్టింది.

"బండి ఎందుకు తిప్పావు?"

హ్యేసన్ మిషన్ కింద చిక్కుకుందని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది కూడా. గ్యుసిక్ గిన్నె పక్కకి జరిపాడు.

"ఆవిడకేం కాలేదు అత్తయ్యా. పని అయ్యాకే రమ్మంది. ఆ రోజు మ్యంగ్‌జు కూడా ఫోన్‌లో అదే మాట అంది."

"ఫోన్ చేసిందా?"

"చేసింది."

"ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

"నువ్వు ఇంటికొచ్చింది?"

"మూడు దాటాక."

ఆమె లేచి గిన్నెలన్నీ తీసి, కడిగి, బోర్లించింది. తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తెల్లారి చూస్తే పరుపు మడతపెట్టి ఉంది. మొదటి బస్సు వెళ్లిపోయింది.

తమ్ముడి ఇంటికే వెళ్లి ఉంటుందనుకున్నాడు. వెళ్లి పిలిచే మొహం అతనికి లేదు. హ్యేసన్‌కి ఫోన్ చేసి, ఇకమీదట తన సెల్‌కి చేయవద్దని, మిషన్ పని ఏదైనా ఉంటే షాపుకి చేయమని చెప్పాడు. ఆమె సరేనని పెట్టేసింది. రెండు రోజులు వాన కురిసింది. షాపు ఫోన్ మోగితే అతనే ఎత్తాడు, అతనే రాశాడు. ఆ అక్షరాలు అతనికే అర్థం కాలేదు.

మూడో రోజు తెరిపిచ్చింది. కొడవలి పట్టుకుని ఇన్‌గప్ పొలానికి బయలుదేరాడు. పడిపోయిన చేను చేత్తో అయినా కోసిపెట్టాలి. దూరం నుంచే ఇంజిన్ చప్పుడు వినిపించింది. ఆ మూలుగు అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

హ్యేసన్ మిషన్ ఒరిగిన వరికి ఎదురుగా అంగుళం అంగుళంగా పాకుతోంది. మిషన్ ముందు మోకాలి లోతు బురదలో మల్లిమ్ వెదురు కర్రతో కంకులు పైకెత్తుతోంది. గట్టు మీద కల్లు కెటిల్ పెట్టుకుని ఇన్‌గప్ కూర్చున్నాడు.

"ఇప్పుడొచ్చావా? బోర్డు మీద నీది నాలుగో పేరు," అన్నాడు.

మల్లిమ్ కర్ర ఊనుకుంటూ గట్టెక్కింది. అల్లుడి మొహం చూడలేదు.

"ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. నాలుగు దులిపేద్దామనే వెళ్లాను. అన్నం పెట్టింది. తిన్నాను. చీకటి పడితే పడుకోమంది. పడుకున్నాను."

"అత్తయ్యా, నేను..."

"నిన్ను క్షమించానని అనుకోకు. అది నా చేతుల్లో లేదు." కర్రకంటిన బురద గట్టుకి తుడిచింది. "దానికి ఒక్కటే చెప్పాను. వీడు రమ్మంటే వస్తాడు, ఆగమంటే ఆగుతాడు. మాట వెనకాల ఏముందో చూడ్డం వీడికి చేతకాదు. నొప్పైతే నొప్పని చెప్పు. పని అయ్యాక రమ్మని మాత్రం ఎన్నడూ అనకు అన్నాను."

కర్ర గట్టు మీద పడేసింది.

"నా కూతుర్ని పంపేటప్పుడు ఈ మాట చెప్పి పంపలేదు."

అతని చేతిలోంచి కొడవలి లాక్కుని, మిషన్ తిరగలేని మూలకు నడిచింది. అతను వెనకాల రెండడుగులు వేశాడు. నా వెంట రాకు అన్నట్టు ఆమె తిరగకుండానే చెయ్యి విసిరింది.

మడి చివర మిషన్ ఆగింది. ఇంజిన్ ఆపి హ్యేసన్ సీటు మీద నిలబడింది. చెంపల నిండా ఊక, బురద.

"ఓనరు గారూ."

"చెప్పండి."

"నాకు నొప్పేం లేదు. మిషన్‌కీ ఏం కాలేదు. అయినా రండి. ఇప్పుడే."

గట్టు చుట్టూ తిరిగి వెళ్తే కాలికి మట్టి అంటదు. గ్యుసిక్ అడ్డంగా బురదలోకి దిగాడు.