పెయింటర్ పరదేశి గారబ్బాయి

మా చోడవరంలో కొత్తవాణ్ణి పేరు అడగరు. "ఎవరబ్బాయివి బాబూ?" అంటారు. నాకూ ఆ జవాబే నోటికి అలవాటైపోయింది. అదే కొంప ముంచింది.

కొత్త పిల్లల ఆసుపత్రి గోడకు బొమ్మలు వేసే ఆర్టిస్టును ఆ రోజే ఎంచుకుంటున్నారు. వానలో తడుస్తూ, నా బొమ్మల ఫైలు చొక్కాలో దాచుకుని వెళ్ళాను. టేబుల్ దగ్గర, ఆసుపత్రి కట్టిస్తున్న డాక్టరుగారమ్మాయి సంయుక్త కూర్చుంది. ఆర్కిటెక్చర్ చదువుతూ ఆ భవనం పనులన్నీ తనే చూస్తోంది.

"పెయింటర్ పరదేశి గారబ్బాయినండి," అన్నాను.

"పెయింటరా? పొద్దున్నుంచి మీ కోసమే చూస్తన్నాం. మేడ మీద రెండు గదులకి ప్రైమర్ కొట్టాలి, రోలరు అక్కడే ఉంది," అంది తలెత్తకుండా.

ఒళ్ళు మండిపోయింది. అయినా సిగ్గులేకుండా వెళ్ళి ఒక గది పూర్తి చేసేశాను కూడా.

మధ్యాహ్నం తను పైకొచ్చి, కిటికీలో ఉన్న నా ఫైలు తెరిచింది. చెరకు బండెక్కిన కోతిపిల్లలు, సూదిమందుకు భయపడే ఏనుగు.

"ఇవెవరేసేరు?"

"నేనేనండి."

"మరి చెప్పరేటి?"

"చెప్పేను కదండి."

"మీ నాన్నగారి పేరు చెప్పేరు. గోడ ఆయనకిచ్చీమంటారా?"

నవ్వాపుకుంటోంది. ఆ నవ్వు బాగుంది కూడాను, అదీ నా తంటా.

"అయిదింటికి నాన్న ఎవరో ఒకర్ని ఖాయం చేసేస్తారు. ఈలోగా నాకు చెప్పండి. మీరెవరు?"

"పెయింటర్ పరదేశి..."

"మళ్ళీ."

"స్టూడెంట్‌నండి, ఇంకా నేర్చుకుంటన్నాను..."

"మళ్ళీ."

ఏడోసారికి నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా పేరు ధర్మతేజ. ఫైన్ ఆర్ట్స్ మూడో సంవత్సరం. గోడల మీద బొమ్మలేస్తాను. ఇక్కడికొచ్చే పిల్లలు నా గోడ చూసి ఏడుపు మానేస్తారు."

"ఇదీ. కింద కూడా ఇంతే కోపంగా చెప్పండి."

చెప్పాను. డాక్టర్ ఫణిభూషణ్ గారు ఫైలంతా రెండుసార్లు తిప్పి, గోడ నాకే ఇచ్చారు.

రెండు నెలలు నేను నిచ్చెన మీద, తను నిచ్చెన పట్టుకుని కింద. ఏనుగు తొండం వంకరని రోజూ గొడవే.

ప్రారంభం రోజు పిల్లలు గోడను వదిలి లోపలికి రామన్నారు. జనం వెనక నాన్న ఇస్త్రీ చొక్కాలో ఒదిగి నిలబడ్డాడు.

"తమరెవరండీ?" అన్నారు డాక్టరుగారు.

నాన్న కాలరు సర్దుకున్నాడు. "ఆర్టిస్టు ధర్మతేజ నాన్ననండి."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో సంయుక్త పక్కకొచ్చింది.

"మరి నన్నెవరైనా అడిగితే ఎవర్నని చెప్పుకోవాలి?"

"అంటే... మీరు..."

"మళ్ళీ."

ఈసారి ఏడుసార్లు పట్టలేదు. "మీరంటే నాకు ప్రాణమండి."

తను నా చెయ్యి పట్టుకుని తిన్నగా వాళ్ళ నాన్న ముందుకు లాక్కెళ్ళింది.

"నాన్నా, ఈయన ధర్మతేజ."

"తెలుసు కదమ్మా, ఆర్టిస్టు."

"అంతవరకే తెలుసు మీకు."

డాక్టరుగారు మా చేతులు చూశారు, గోడ చూశారు. తర్వాత మా నాన్న వైపు తిరిగి కుర్చీ జరిపారు.

"రండి బావగారూ, కూర్చోండి."